కొత్త కార్డు, పాత డ్రైవరు

జూన్ 4

ఒరేయ్ చిన్నోడా,

ప్రయాణికులకు ముఖ్య గమనిక. మీ అక్క గొంతు సాంకేతిక కారణాల వల్ల తాత్కాలికంగా నిలిపివేయబడినది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.

ఫోన్ చెయ్యడం మానేశానని నువ్వు అలిగావట, మీ బావ చెప్పారు. అలగకు. బస్టాండులో మైకు ముందు తప్ప ఇంకెక్కడా నోరు విప్పొద్దని గొంతు డాక్టరు గారు గట్టిగా చెప్పారు. స్వరపేటిక మీద చిన్న కాయలాంటిది లేచిందట. ఆగస్టు ఇరవైన ఆపరేషన్. తర్వాత గొంతు తిరిగి వస్తుందా అని అడిగితే, రావచ్చు అన్నారు. ఆ రావచ్చు అన్న తీరు నాకు నచ్చలేదు.

ఇంట్లో ఇప్పుడు మీ బావ మాట్లాడుతున్నారు. పెళ్లయిన దగ్గర్నుంచి నేను మాట్లాడేదాన్ని, ఆయన వినేవారు. ఆయనకి ఇన్ని అభిప్రాయాలున్నాయని నాకు తెలీదు. వంటింటి కిటికీ గడియ మీద కూడా ఒకటుంది. అది కుడివైపు ఉండాల్సిందట.

అసలు సంగతికి వస్తాను. బస్సుల ఎనౌన్స్‌మెంట్లకి మా మేనేజరు గారు కంప్యూటరు పెట్టిస్తున్నారు. ఆపరేషన్ లోపు నా గొంతు అందులోకి ఎక్కిస్తే, తర్వాత నేను మాట్లాడలేకపోయినా అదే గదిలో కూర్చుని మీటలు నొక్కుకోవచ్చు. ఎక్కించలేకపోతే హెడ్డాఫీసు నుంచి ఎవరిదో గొంతు వస్తుంది, నేను పార్సిల్ ఆఫీసుకి పోతాను. పార్సిల్ ఆఫీసు చెడ్డదేం కాదు. కానీ ఈ ఊళ్ళో జనాన్ని ఇన్నేళ్లుగా బస్సెక్కించింది నా గొంతురా. అది లేకుండా పోతే, నేను మాత్రం మూటల మీద చీటీలు అంటించుకుంటూ మిగలాలా? ఈ ఒక్క ముక్కా హాస్యానికి రాయడం లేదు.

ఆ కంప్యూటర్లో రికార్డు చేసి చూశాం. బిందెలో తల పెట్టి మాట్లాడినట్టుంది. నువ్వు అమ్మేవి అవే కదా, ఏం చెయ్యాలో రాయి.

ఇట్లు, మౌనంగా,
మీ అక్క

జూన్ 12

అక్కా,

నీ ఉత్తరం షాపులోనే చదివాను. చదివాక కాసేపు ఏ కస్టమరు ఏమడిగినా లేదన్నాను. నువ్వు మాట్లాడకుండా ఉండటం ఎలా ఉంటుందో ఊహించుకుందామని చూశాను. మన ఇంట్లో ఎన్నడూ జరగని పని కాబట్టి కుదరలేదు.

కంప్యూటరు బోర్డు మీద పుట్టుకతో వచ్చే సౌండు పాటలు వినడానికే తప్ప రికార్డింగుకి పనికిరాదు. విడిగా మంచి సౌండు కార్డు కొనిపించు. ఏడాది వారంటీ ఇస్తారు. మూత తియ్యడం, గుచ్చడం, మూత పెట్టడం. అరగంట పని.

ఎనౌన్స్‌మెంట్ల ప్రోగ్రాం నేనే రాసి ఫ్లాపీలో పంపుతున్నాను. ఊళ్ళ పేర్లు, నంబర్లు, మామూలు మాటలు నువ్వు ముక్కలు ముక్కలుగా రికార్డు చేస్తే చాలు. బస్సు నంబరు నొక్కగానే ఆ ముక్కల్ని అదే అతికించి చదువుతుంది. అన్నిటికంటే ముందు 'ఆరంభం' అనే పేరుతో ఒక ముక్క పెట్టు. అది పరీక్షకి. నోటికొచ్చింది ఏదైనా మాట్లాడొచ్చు.

ఆపరేషన్ నాటికి సెలవు పెట్టుకుని వస్తాను.

నీ చిన్నోడు

జూన్ 21

ఒరేయ్ చిన్నోడా,

అరగంట పని మొన్న సోమవారం మొదలైంది. ఇంకా నడుస్తోంది.

మా డిపో ఎలక్ట్రీషియను మూత తీశాడు, గుచ్చాడు, మూత పెట్టాడు. నువ్వు రాసినట్టే. మొదటి రోజు ఏ శబ్దమూ రాలేదు. రెండో రోజు నేను మాట్లాడితే ప్రింటరు కదిలి, రిజర్వేషన్ చార్టు మీద నల్లటి డబ్బాలు అచ్చేసింది. మూడో రోజు రికార్డయింది. విన్నాం. నా మాటల వెనక ఎవరో పుక్కిలిస్తున్నట్టు గుడగుడ, ఆ పైన మా పెద్ద డ్రైవరు హారను.

పెద్ద డ్రైవరంటే డిపోలో అందరికంటే పాత డ్రైవరు. బస్సు సరిగ్గా నా గది కిటికీ కిందే ఆపుతాడు. కదిలే ముందు హారను కొట్టి, కదిలాక మరోసారి కొడతాడు. ఈమధ్య చేరిన కొత్త డ్రైవరుకీ ఆయనకీ ప్లాట్‌ఫారం దగ్గర రోజూ గొడవే. ఆ గొడవ కూడా కార్డులో చక్కగా రికార్డయింది. నా గొంతొక్కటే సరిగ్గా పడలేదు.

వారంటీ వాళ్ళకి ఫోన్ చేస్తే ఫిర్యాదు నోటితో చెప్పాలట. నా బదులు మీ బావ చెప్పారు. కార్డు గురించి మొదలుపెట్టి కిటికీ గడియ దాకా వచ్చేసరికి అవతలి అమ్మాయి పెట్టేసింది.

ఆపరేషన్‌కి నువ్వు రావద్దు. నిన్ను చూస్తే నేను మాట్లాడకుండా ఉండలేను. డాక్టరు గారు సరే అన్నాక పిలుస్తాను, అప్పుడు రా.

అక్క

జూలై 1

అక్కా,

రోగం ఏమిటో దొరికింది. నువ్వు రాసిన గోలంతా పాత డ్రైవరు వల్లే.

కొత్తవాడు వచ్చాక కూడా పాతవాడు సీటు వదలడు. ఇద్దరూ కొట్టుకుంటుంటే నీ మాట బయటికెలా వస్తుంది? ఇందులో కొత్తవాడి తప్పేమీ లేదు. పాతవాణ్ణి పూర్తిగా తీసేయాలి. ఊరికే పక్కన కూర్చోబెడితే లాభం లేదు, తెల్లారేసరికి మళ్ళీ వచ్చేస్తాడు. ఎక్కడా పేరు కూడా మిగలకూడదు. మొహమాటపడితే నీ గొంతు ఈ జన్మలో రికార్డవదు.

ఇది నీ చేతిలో పని కాదు, అధికారాలన్నీ మేనేజరు గారి దగ్గరే ఉంటాయి. ఈ ఉత్తరం ఆయనకి చూపించు.

రావద్దన్నావు. సరే. కానీ కోపంగా ఉంది.

చిన్నోడు

జూలై 10

ఒరేయ్ చిన్నోడా,

నీ ఉత్తరం మేనేజరు గారికి చూపించాను. చదివి, ఎర్ర సిరాతో గీతలు గీసి, ఫైల్లో పెట్టుకున్నారు. బయటి నిపుణుడు కూడా ఇదే చెప్పాడన్నమాట అన్నారు. ఆయనకి పెద్ద డ్రైవరు హారను మీద ఎప్పట్నుంచో మంట. నిన్నట్నుంచి పెద్ద డ్రైవర్ని బస్సు దింపి విచారణ పెట్టారు. డ్యూటీ చార్టులో ఆయన పేరు ఉన్నచోట తెల్ల కాగితం అంటించారు. పేరు కూడా మిగలకూడదని నువ్వు రాశావు కదా.

నాకు మనసు ఒప్పలేదు. హారను కొట్టడం తప్పే, కాదనను. దానికి మనిషిని పేరుతో సహా తుడిచెయ్యడమా? కానీ చదువుకున్నవాడివి, ఊరికే చెప్పవనుకున్నాను. ఆయన ఇప్పుడు నా గది బయట బెంచీ మీద కూర్చుంటున్నాడు. నన్నేమీ అనడం లేదు. అంటే బాగుండును. తిరిగి అనడానికి నాకు వీల్లేకపోయినా బాగుండును.

సౌండు ఏమీ బాగుపడలేదు. గుడగుడ అలాగే ఉంది, హారను లేదు. అంతే తేడా.

అంత మాట ఎందుకు రాశావో చెప్పు.

అక్క

జూలై 16

అక్కా,

ముందు ఆయన్ని బస్సెక్కించమను, తర్వాత ఈ ఉత్తరం చదువు.

నేను రాసింది మనిషి గురించి కాదు. కార్డుని ఎలా పలికించాలో కంప్యూటరుకి చెప్పే సాఫ్ట్‌వేరు ఒకటుంటుంది, దాని పేరు డ్రైవరు. బోర్డు మీది పాత సౌండుకి ఒక డ్రైవరు, కొత్త కార్డుకి ఒక డ్రైవరు. కొట్టుకుంటున్నవి అవి. సాఫ్ట్‌వేరు మీద విచారణ పెట్టరు, మీట నొక్కి తుడిచేస్తారు. 'వాడు' అని రాయడం నాదే బుద్ధి తక్కువ. షాపులో అందరం అలాగే అంటాం.

మేనేజరు గారికి వేరే ఉత్తరం పెట్టాను. పెద్ద డ్రైవరు గారికి ఇంకొకటి. ఆయనది చాలాసార్లు చింపి రాశాను. క్షమించమని అడగడం తెలుసు కానీ, మిమ్మల్ని సాఫ్ట్‌వేరు అనుకోలేదండీ అని ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

ఆ కార్డుతో ఇక కుస్తీ వద్దు, వారంటీ కింద వాపసిచ్చెయ్యండి. ఇక్కడ నేను పరీక్షించిన వేరే కంపెనీ కార్డు పంపుతున్నాను.

చిన్నోడు

జూలై 24

ఒరేయ్ చిన్నోడా,

విచారణ ఒకసారి మొదలయ్యాక మధ్యలో ఆపకూడదట. తప్పు జరగలేదని తేలడానికైనా పూర్తవ్వాలట. మేనేజరు గారు అలా అన్నారు.

పెద్ద డ్రైవరు నీ ఉత్తరం చదివి, మడిచి జేబులో పెట్టుకుని, ఆ కార్డేదో ఇవ్వమ్మా, నేను తీసుకెళ్ళి మార్పించుకొస్తాను, ఎలాగూ ఖాళీయే కదా అన్నాడు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పలక మీద 'థాంక్స్' అని రాసి చూపించాను.

సర్వీసు సెంటర్లో జరిగింది ఆయన చెప్పినట్టే రాస్తున్నాను. కౌంటర్లో అమ్మాయి కార్డు తీసుకుని, "డ్రైవరు తెచ్చారా?" అందట.

"నేనేనమ్మా డ్రైవర్ని," అన్నాడట ఈయన.

ఆ అమ్మాయి నవ్వలేదట. డ్రైవరు బాగా పాతదై ఉంటుంది, అందుకే కార్డు పలకడం లేదు, ముందు డ్రైవర్ని మార్చుకోండి అని ఆయన మొహం మీదే చెప్పిందట. ఈయన, ఆల్రెడీ మార్చేశారమ్మా, అయినా పలకడం లేదు అన్నాడట. తర్వాత కార్డుని వాళ్ళ కంప్యూటర్లో పెట్టి ఏదో పాట వేశారు. శుభ్రంగా వినపడింది. పాడటం వేరు, వినడం వేరు, మాకు కావాల్సింది అది మా అమ్మాయి మాట వినడం అని ఈయన వాదించాడు. వారంటీ కార్డుకే కానీ మనుషుల మాటలకి ఉండదన్నారట. 'లోపం లేదు' అని చీటీ అంటించి ఇచ్చేశారు. పైగా మా ఎలక్ట్రీషియను గుచ్చేటప్పుడు సీలు చింపాడు కాబట్టి, ఇక లోపం ఉన్నా లేనట్టేనట.

నీ కార్డు నిన్న అందింది. చాలా బాగుంది. చూడగానే ప్రాణం తేలికపడింది. గదిలో బల్ల మీద నిలబెట్టి వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాను.

అక్క

జూలై 31

అక్కా,

కార్డు చేరిందని తెలిశాక అన్నం తిన్నాను. కానీ బల్ల మీద నిలబెట్టి జనానికి చూపించడమేమిటి? అందరూ చేతులు పెడితే పాడైపోతుంది. అంచులు మాత్రమే పట్టుకోవాలి. వెంటనే పాత కార్డు ఉన్నచోట గుచ్చించు. గట్టిగా నొక్కాలి, భయపడొద్దు. రోజులు లేవు.

చిన్నోడు

ఆగస్టు 8

ఒరేయ్ చిన్నోడా,

త్వరగా కోలుకోవాలని నువ్వు పంపిన పిల్లి బొమ్మ గ్రీటింగు కార్డుని కంప్యూటర్లో ఎందుకు గుచ్చాలో మా ఎలక్ట్రీషియనుకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. కానీ కిందటిసారి నీ మాటకి సొంత అర్థం తీసి ఒక మనిషి ఉద్యోగం మీదికి తెచ్చాను కదా. ఈసారి ఆలోచించకుండా చెప్పింది చెప్పినట్టు చేద్దామనుకున్నాం. అంచులు మాత్రమే పట్టుకున్నాం. గట్టిగా నొక్కాం. పిల్లి మెడ దాకా వెళ్ళింది.

పెద్ద డ్రైవరు చూసి, ఈ కార్డు అయ్యుండదమ్మా అన్నాడు.

నీ అసలు కార్డు పార్సిల్ ఆఫీసులో దొరికింది. నా గదికీ దానికీ మధ్య ఒక్క గోడ. పార్సిల్ వస్తే సంబంధించినవారు వచ్చి తీసుకోవాలని మైకులో చెప్పాలి. చెప్పేది నేను. నా గొంతు మిగుల్చుదామని పార్సిలు ఎనౌన్స్‌మెంట్లు ఆపేశారు. దాంతో నా పార్సిలు వచ్చిన సంగతి నాకు నేను చెప్పుకోలేకపోయాను.

గుచ్చాం. పాత డ్రైవరుని తుడిచేశాం. తుడిచే ముందు, దీనివల్ల సిబ్బందిలో ఎవరికీ ఏమీ కాదని మేనేజరు గారు నా చేత సంతకం పెట్టించుకున్నారు. గుడగుడ పోయింది. నా గొంతు నా గొంతులాగే వచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం. అంతలో ప్రింటరు చార్టు తియ్యడం మొదలుపెట్టింది, నా గొంతు మాట మధ్యలో తెగిపోయింది. ప్రింటరు ఎప్పుడు కదిలినా అంతే.

మధ్యాహ్నానికల్లా గొంతు గరుకుగా అయిపోతోంది. నిన్న మైకులో నాలుగో నంబరు ప్లాట్‌ఫారం అంటే 'నాలుగో' అన్నదే వినపడిందట, జనం ఎటు పోవాలో తెలీక నిలబడిపోయారు. నవ్వుతూ రాస్తున్నాననుకోకు. నాకు భయంగా ఉంది చిన్నోడా.

అక్క

ఆగస్టు 12

అక్కా,

దీన్ని ఇవాళే బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను.

కంప్యూటరు లోపల పరికరాలు పిలవడానికి గంటలుంటాయి, ఒక్కోదానికి ఒక్కో నంబరు. మీ ప్రింటరుదీ కొత్త కార్డుదీ ఒకే గంట, ఏడు. అది మోగితే రెండూ లేస్తున్నాయి. కార్డు సెట్టింగుల్లోకి వెళ్ళి ఏడు తీసి ఐదు పెట్టించు. ఐదంటే ఐదో ప్లాట్‌ఫారం కాదు. ఐదో నంబరు బస్సు కాదు. ఎవరినీ ఎక్కడికీ బదిలీ చెయ్యొద్దు.

నాకూ భయంగానే ఉంది. చిన్నప్పుడు బడి నుంచి వస్తూ తప్పిపోతే, వీధి చివర్నించి నువ్వు పిలిచిన పిలుపు పట్టుకునే ఇంటికొచ్చాను. అది గుర్తొస్తోంది. ఐదు పెట్టించు అక్కా.

చిన్నోడు

ఆగస్టు 18

ఒరేయ్ చిన్నోడా,

ప్రయాణికులకు శుభవార్త. అయిపోయింది.

ఐదు పెట్టగానే ప్రింటరు దాని దారిన అది, నేను నా దారిన. పొద్దున్న పూట గొంతు కాస్త బాగుంటుంది కాబట్టి మూడు పొద్దుల్లో రికార్డు చేశాం. ఊళ్ళ పేర్లన్నీ అయ్యాయి. నంబర్లయ్యాయి. 'బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది' అయింది. 'రద్దు చేయబడినది' కూడా చెప్పాను, అది చెప్పడం నాకెప్పుడూ ఇష్టం ఉండదు.

పెద్ద డ్రైవరు విచారణ ముగిసింది. ఆయన సాఫ్ట్‌వేరు కాదని తేలింది. చార్టు మీది తెల్ల కాగితం ఊడదీశారు. మొదటి రోజు నేను రికార్డింగుకి కూర్చోగానే ఆయన బస్సు దిగి, ఆవరణ మధ్యలో నిలబడి చెయ్యెత్తాడు. ఒక్కరంటే ఒక్కరు హారను కొట్టలేదు. ఇంజన్లు కూడా ఆపేశారు. ఆయనతో గొడవపడే కొత్త డ్రైవరు గేటు దగ్గర నిలబడి లోపలికొచ్చే బస్సుల్ని ఆపాడు. ఇన్నేళ్ళలో ఈ బస్టాండు ఇంత నిశ్శబ్దంగా ఉండగా నేను చూడలేదు.  వెంటనే మైకు దగ్గరికి లాక్కుని మొదలుపెట్టాను.

అన్నీ అయ్యాక ఇంకాస్త గొంతు మిగిలింది. ఏం చెయ్యాలో ఆలోచించుకుంటూ ఇంటికెళ్ళాను. కిటికీ గడియ కుడివైపే ఉండాలి, మీరు చెప్పిందే రైటు అని మీ బావతో అన్నాను. ఆయన వెళ్ళి స్క్రూడ్రైవరు వెతుక్కుంటూ కూర్చున్నారు.

రేపు ఆస్పత్రిలో చేరతాను. ఉంటాను.

అక్క

ఆగస్టు 27

అక్కా,

ఆపరేషన్ బాగా జరిగిందని బావ ఫోన్ చేశారు. గొంతు సంగతి అడగలేకపోయాను, ఆయనా చెప్పలేదు. నీ చేత్తో రాసింది వచ్చేదాకా నమ్మేట్టు లేను.

ఒక సంగతి మర్చిపోయాను. 'ఆరంభం' అని పరీక్షకి పెట్టమన్న ముక్క ఉంది చూడు, కంప్యూటరు ఆన్ చేసినప్పుడల్లా ప్రోగ్రాం ముందు దాన్నే వినిపిస్తుంది. రికార్డింగు అయ్యాక తీసెయ్యమని రాయాల్సింది. నువ్వేం మాట్లాడి పెట్టావో ఏమో. మైకులో బస్టాండంతా వినపడుతుంది. నేను వచ్చి తీసేస్తాను, ఎవర్నీ తియ్యనివ్వకు.

చిన్నోడు

సెప్టెంబరు 12

ఒరేయ్ చిన్నోడా,

కాయ తీసేశారు. చెడ్డదేం కాదన్నారు. గొంతు మాత్రం రాలేదు. గాలి వస్తోంది, అందులో మాట ఉందో లేదో దగ్గరగా వచ్చి వినాలి. ఇక ఇంతేనా అని రాసి చూపిస్తే డాక్టరు గారు తల ఊపారు. వారంటీ ఉందా అని రాశాను. ఆయన నవ్వలేదు. నాకే నవ్వొచ్చింది, తర్వాత ఇంటికొచ్చి ఏడ్చాను. మీ బావ పక్కన కూర్చున్నారు. అంత మాట్లాడుతున్న మనిషి ఆ పూట ఒక్క మాట మాట్లాడలేదు, నాకు అదే బాగుంది.

మళ్ళీ డ్యూటీలో చేరాను. నా గదిలోనే. నంబరు నొక్కుతాను, నేను మాట్లాడతాను, నేను వింటాను. నీ ప్రోగ్రాం ఊళ్ళ పేర్లు అతికేటప్పుడు కాస్త తడబడుతుంది, నేనూ మొదట్లో అలాగే తడబడేదాన్ని, కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ఆరంభం సంగతి. పరీక్షకి ఏం మాట్లాడాలో తోచలేదు రా. మైకు పట్టుకుని, పంపింది నువ్వు కదా అని, "ఒరేయ్ చిన్నోడా, వినపడుతోందా?" అన్నాను. మొదటి బస్సుకి ముందు కంప్యూటరు ఆన్ చేస్తాను కదా, రోజూ అన్ని స్పీకర్లలో అదే మొదట వస్తుంది. మొదటి రోజు జనం పైకి చూశారు. ఇప్పుడు పొద్దున బస్సుకొచ్చేవాళ్ళు అలవాటుగా, ఆఁ వినపడుతోంది అంటున్నారు. పెద్ద డ్రైవరు హారను కొట్టి చెబుతాడు. మీ బావకి ఎక్కడికీ వెళ్ళే పని లేదు, అయినా రోజూ వచ్చి నిలబడి, అది విని, ఇంటికెళ్ళిపోతున్నారు.

డాక్టరు గారు సరే అన్నారు, ఇక రా. పొద్దున్నే చేరే బస్సెక్కు.

అక్క

సెప్టెంబరు 25

అక్కా,

క్షేమంగా చేరాను. నీ దగ్గరున్న రెండు రోజులూ పలక మీద అన్నీ మాట్లాడుకున్నాం, ఇది ఒక్కటీ చెప్పలేదు. అందుకే రాస్తున్నాను.

ఆ పొద్దున బస్సు ముందే చేరింది. సంచిలో ఆ ముక్క తీసేసే ఫ్లాపీ ఉంది. నీ గది తలుపు ఇంకా తీయలేదు. స్తంభం పక్కన నిలబడ్డాను, కాస్త దూరంలో బావ నిలబడి ఉన్నారు, నన్ను చూడలేదు. నువ్వొచ్చావు, తాళం తీశావు, లోపలికెళ్ళావు. కాసేపటికి పైనుంచి పిలిచావు.

చుట్టూ అందరూ, ఆఁ వినపడుతోంది అన్నారు. ఎవరో ముసలాయన పేపరు నుంచి తలెత్తకుండానే అన్నాడు. కిటికీ కింద హారను మోగింది. నేనూ అందామని నోరు తెరిచాను. నాకు గొంతు రాలేదు.

ఫ్లాపీ సంచిలోంచి తియ్యలేదు.

వినపడింది అక్కా.

చిన్నోడు